నాన్న ఇచ్చిన ప్రశ్న: త్రిపురనేని గోపీచంద్ జీవితం

రుమైథియా (కువైట్): గురువారం రాత్రి పని ముగించుకుని మా రుమైథియా గదుల్లో నలుగురు తెలుగువాళ్లు కూర్చున్నారంటే, మాట ఎక్కడ మొదలైనా చివరికి ఊళ్లో కడుతున్న ఇంటి దగ్గరికే చేరుతుంది. శ్లాబు ఎప్పుడు పడుతుంది, గృహప్రవేశానికి ఎంతమందిని పిలవాలి, చెల్లెలి పెళ్లి పక్కింటివాళ్ల పెళ్లికి ఏ మాత్రం తగ్గకుండా ఎలా చెయ్యాలి? కడప వాళ్లయినా కోనసీమ వాళ్లయినా ఇదే లెక్క. దినార్లు ఇక్కడ కూడబెడతాం, పరువు అక్కడ కొంటాం.

ఈ మాటలు విన్నప్పుడల్లా నాకు సీతారామారావు గుర్తొస్తాడు. ఆయన మా గదిలో మనిషి కాదు, మా జిల్లావాడూ కాదు. డెబ్భై ఏళ్లకు పైబడిన ఒక తెలుగు నవలలో నాయకుడు. వంశ ప్రతిష్ఠ నిలబెట్టమని తండ్రి పోతూ పోతూ చెప్పిన మాటను పట్టుకుని, ఉన్న ఆస్తంతా కరిగించుకుని, ఆఖరికి తనను తాను కూడా కరిగించుకున్నవాడు. ఆ నవల పేరు ‘అసమర్థుని జీవయాత్ర’. రాసినాయన త్రిపురనేని గోపీచంద్. నవలాకారుడు, కథకుడు, సినిమా రచయిత, దర్శకుడు, తత్త్వచింతకుడు. ఇన్ని పనులు చేసి 52 ఏళ్లకే వెళ్లిపోయారు. ఇక్కడ పుట్టి పెరుగుతున్న మన పిల్లలకు ఆయన పేరు తెలియదు. పెద్దవాళ్లలో చాలామందికి పేరు తెలుసు గానీ మనిషి తెలియదు.

గోపీచంద్ 1910 సెప్టెంబరు 8న కృష్ణా జిల్లా గుడివాడ దగ్గరి అంగలూరులో పుట్టారు. ఆయన కథ మొదలుపెట్టాలంటే ముందు తండ్రి దగ్గర ఆగాలి. ఆగకపోతే కొడుకు అర్థం కాడు.

తండ్రి త్రిపురనేని రామస్వామి చౌదరి. తెలుగునాట కవిరాజుగా పేరుపడ్డ మనిషి. బారిష్టరు చదువుకు ఐర్లాండు వెళ్లి, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజుల్లో డబ్లిన్‌లో ఉన్నారు. విదేశంలో ఉండి సొంత ఊరి గురించి ఆలోచించడమంటే ఏమిటో ఆయనకూ తెలుసన్నమాట. తిరిగొచ్చాక కోర్టు పని కన్నా పురాణాలతో పేచీ పెట్టుకోవడమే ఎక్కువ చేశారు. ‘సూతపురాణం’ రాశారు. శంబూకుణ్ణి రాముడు ఎందుకు చంపాల్సి వచ్చిందని నిలదీస్తూ ‘శంబుక వధ’ నాటకం రాశారు. పెళ్లి మంత్రాలు వధూవరులకు అర్థం కావాలని తెలుగులో ‘వివాహవిధి’ తయారుచేసి, పురోహితుడు లేకుండా తానే పెళ్లిళ్లు జరిపించారు. తెనాలిలో స్థిరపడి, పురపాలక సంఘానికి అధ్యక్షుడై, గంగానమ్మ జాతరలో జంతుబలులు ఆపించారు. ఆ రోజుల్లో అలాంటి పని చేసి పదవిలో ఉండటం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు.

తెనాలిలో వాళ్ల ఇంటి పేరు సూతాశ్రమం. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ, వాదనలూ చర్చలూ. దేవుడున్నాడా లేడా అన్నది ఆ ఇంట్లో అన్నం తింటూ మాట్లాడుకునే సంగతి. అలాంటి ఇంట్లో పెరిగిన పిల్లవాడికి రెండే దారులుంటాయి. తండ్రి చెప్పిందల్లా వల్లెవెయ్యడం ఒకటి, తండ్రికి ఎదురు తిరగడం రెండోది. గోపీచంద్ ఈ రెండూ కాని మూడో దారి వెతుక్కున్నారు. అందుకు ఆయనకు జీవితమంతా పట్టింది.

లా చదివారు గానీ నల్లకోటు ఆయన ఒంటికి పట్టలేదు. చిన్న వయసులోనే కథలు మొదలుపెట్టారు. ఆ కథలు ఇప్పుడు చదివినా పాతబడినట్టు అనిపించవు. ‘ధర్మవడ్డీ’, ‘భార్యల్లోనే ఉంది’, ‘మమకారం’ వంటి వాటిలో కృష్ణా, గుంటూరు జిల్లాల కమ్మని వాడుక మాట వినిపిస్తుంది. వడ్డీ లెక్కలు, పొలం గట్టు తగాదాలు, పశువు మీద రైతుకుండే ప్రేమ, మొగుడూపెళ్లాల మధ్య నలిగే చిన్న చిన్న అహాలు ఆయన సరుకు. పెద్ద పెద్ద సిద్ధాంతాలు నమ్మిన మనిషి కథల్లోకి వచ్చేసరికి సిద్ధాంతాన్ని గుమ్మం బయట చెప్పులతో పాటు వదిలి లోపలికి వెళ్లేవారు. ఆయన కథల పుస్తకాల్లో ఒకదాని పేరు ‘తండ్రులూ–కొడుకులూ’. ఆ విషయం ఆయన్ను ఎన్నడూ వదల్లేదు.

జమీందారు డబ్బుతో జమీందారుల మీద సినిమా

ఆయన సినిమాల్లోకి వెళ్లిన దారి తమాషాగా ఉంటుంది. గూడవల్లి రామబ్రహ్మం అప్పటికే 1938లో ‘మాలపిల్ల’ తీసి సంచలనం రేపారు. అంటరానితనం మీద సూటిగా కొట్టిన సినిమా అది, కథ చలం గారిది. ఆ వెంటనే 1939లో ‘రైతుబిడ్డ’ తలపెట్టారు. దానికి మాటలు రాయడానికి గోపీచంద్ చేరారు. అప్పటికి ఆయనకు ముప్పై కూడా నిండలేదు.

తెలుగు సినిమా అంటే పురాణ కథలే రాజ్యమేలుతున్న కాలం. తెర మీద కిరీటాలు, గదలు, పద్యాలు. ఆ మధ్యలో పంచె కట్టిన రైతు వచ్చి, శిస్తు గురించి, అప్పు గురించి, జమీందారు మనుషుల దౌర్జన్యం గురించి మాట్లాడటమంటే చిన్న విషయం కాదు. రైతు పాత్రలో మహానటుడు బళ్లారి రాఘవ, ఆయన కూతురుగా టంగుటూరి సూర్యకుమారి. సినిమా పాటలకు కొత్తగా వచ్చిన కొసరాజు రాఘవయ్య చౌదరి పల్లె బాణీలు. ఇందులో విడ్డూరం ఏమిటంటే, ఈ సినిమా తీసిన సారథి సంస్థ వెనక ఉన్నది చల్లపల్లి జమీందారు. జమీందారీ వ్యవస్థను ఎండగట్టే సినిమాకు ఒక జమీందారే పెట్టుబడి పెట్టారు. మిగతా జమీందారులు ఊరుకోలేదు. సినిమా ఆపాలని పట్టుబట్టారు, గొడవ కోర్టుల దాకా పోయింది, కొన్నిచోట్ల ప్రదర్శనకు అడ్డంకులు తప్పలేదు. తన కలానికి ఇంత బలం ఉందని గోపీచంద్‌కు మొదటి సినిమాతోనే తెలిసివచ్చి ఉండాలి.

ఆ తర్వాత 1946లో ‘గృహప్రవేశం’. ఎల్.వి.ప్రసాద్ దర్శకుడిగా తొలి అడుగు వేసిన సినిమా. నాయకుడి వేషం కూడా ఆయనే వేశారు. నాయిక భానుమతి, మరో ముఖ్యపాత్రలో సి.ఎస్.ఆర్. ఆంజనేయులు. కథా రచన గోపీచంద్‌ది. తర్వాతి రోజుల్లో ‘సంసారం’, ‘పెళ్లిచేసి చూడు’, ‘మిస్సమ్మ’లతో ఇంటింటి కథల సినిమాకు పెద్దదిక్కైన ప్రసాద్ గారి ప్రయాణం గోపీచంద్ కాగితాల మీదుగా మొదలైందని మనలో ఎంతమందికి గుర్తుంది? సినిమాలో రచయిత పేరు అంతే. తెర మీద ఒక్క క్షణం పడి పోతుంది.

రచయితగా ఆగలేదు, దర్శకత్వం చేపట్టారు. 1950లో ‘లక్ష్మమ్మ’. పల్లెల్లో స్త్రీలు పాడుకునే ఒక ఇల్లాలి కష్టాల కథ అది. నాయిక కృష్ణవేణి. అయితే సరిగ్గా అదే కథను, అదే సమయానికి, ప్రతిభా సంస్థ వాళ్లు ‘శ్రీ లక్ష్మమ్మ కథ’గా తీశారు. అందులో అంజలీదేవి, అక్కినేని నాగేశ్వరరావు. ఒకే కథ మీద రెండు సినిమాలు పోటాపోటీగా విడుదలయ్యాయి. ఇప్పటి వాళ్లకు ఇది వింతగా ఉండొచ్చు గానీ ఆనాటి ప్రేక్షకులకు పందెం కోళ్లను చూసినంత సరదా. 1951లో ‘పేరంటాలు’, 1952లో ‘ప్రియురాలు’ కూడా గోపీచంద్ దర్శకత్వంలోనే వచ్చాయి. ‘ప్రియురాలు’తోనే కొంగర జగ్గయ్య తెర మీదికి వచ్చారు. ఆ కంచు కంఠం తెలుగువాళ్లకు సినిమాలో మొదట వినిపించిన తావు అది.

నిజం చెప్పుకోవాలి. దర్శకుడిగా గోపీచంద్ మిగిల్చింది తక్కువే. దేవుణ్ణీ పురాణాన్నీ ప్రశ్నించే ఇంట్లో పుట్టినవాడు భర్త పెట్టే బాధలు ఓర్చుకునే ఇల్లాలి కథ తీయడం ఆయన అభిమానులకే మింగుడుపడని సంగతి. సినిమా అంటే పదిమంది డబ్బు, పదిమంది మాట. అందులో ఎందుకు అన్న ప్రశ్నకు చోటు తక్కువ, ఎంత అన్న ప్రశ్నకు ఎక్కువ. ఆయన అసలు పని ఆ రోజుల్లోనే ఇంకోచోట జరిగిపోయింది.

తండ్రి అప్పగించిన బరువు

1943 జనవరిలో కవిరాజు కన్నుమూశారు. గోపీచంద్ మొదటి నవల ‘పరివర్తన’ వచ్చింది కూడా ఆ ఏడాదే. నాలుగేళ్లకు, 1947లో, ‘అసమర్థుని జీవయాత్ర’ వెలువడింది.

కథ చెప్పుకుంటే చాలా చిన్నది. సీతారామారావు కలిగిన ఇంటి బిడ్డ. తండ్రి చనిపోతూ వంశం పేరు నిలబెట్టమన్నాడు. ఆ మాటే అతని మెడకు ఉచ్చయింది. అడిగినవాడికీ అడగనివాడికీ ఇచ్చాడు. చుట్టాల ముందు తగ్గకూడదని ఇచ్చాడు, ఊరి ముందు తగ్గకూడదని ఇచ్చాడు. ఇచ్చిన ప్రతిసారీ తానెంత గొప్పవాడో తనకు తానే చెప్పుకున్నాడు. ఆస్తి పోయింది. తీసుకున్నవాళ్లు మొహం చాటేశారు. ఉద్యోగంలో చేరితే అది తన స్థాయికి తక్కువనిపించింది. ఇష్టపడి చేసుకున్న ఇందిరను కట్టుకున్న పాపానికి హింసించాడు, కన్న కూతుర్నీ భరించలేకపోయాడు. తన పతనానికి లోకాన్ని తిట్టాడు, మనుషుల్ని తిట్టాడు, సంఘాన్ని తిట్టాడు. రామయ్య అనే పెద్దవయసు రైతు మాత్రం ఇతని వేదాంతానికి లొంగడు. పొద్దున్నే లేచి పని చేసుకునే ఆ మనిషి మాటలు సూదుల్లా గుచ్చుకుంటాయి. చివరికి సీతారామారావు నడక శ్మశానంలో ఆగుతుంది. ఆ ఆఖరి పేజీలు రాత్రిపూట చదవొద్దని నేను తెలిసినవాళ్లకు చెబుతుంటాను.

తెలుగులో మనిషి మనసు లోపలికి దిగి, అక్కడి చీకటిని వరసగా చూపించిన తొలి నవలగా దీన్ని విమర్శకులు లెక్కిస్తారు. దాదాపు ఆ కాలంలోనే బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’, ఆ తర్వాత రావిశాస్త్రి ‘అల్పజీవి’ వచ్చాయి. ఈ మూడూ కలిపి చదివితే స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో చదువుకున్న తెలుగు మగవాడి లోపల ఏం జరుగుతోందో కళ్లకు కడుతుంది. మిగతా రెంటి మీదా నాకు గౌరవమే గానీ, మా గది మాటల్లోకి రోజూ వచ్చి కూర్చునేది మాత్రం సీతారామారావే. అతను చెడ్డవాడు కాడు. పిసినారి కాడు, మోసగాడు కాడు. ఎవరి కళ్లలోనో చిన్నబోకూడదన్న ఒక్క భయం అతన్ని తినేసింది. ఆ భయం విమానం ఎక్కి మనతో పాటు సముద్రం దాటింది.

ఇక్కడ ఒక చిన్న విషయం చూడండి. నవల లోపల తండ్రి కొడుక్కి వదిలి వెళ్లింది ప్రతిష్ఠ అనే బరువు. నవల మొదటి పేజీ దగ్గరికి వస్తే, గోపీచంద్ ఆ పుస్తకాన్ని తన తండ్రికే అంకితం ఇచ్చారు. దేనికయ్యా అంటే, ఎందుకు అని అడగడం నేర్పినందుకు. ఆ అంకితం తెలుగు సాహిత్యంలో చాలామందికి నోటికి వచ్చు. లోపల ఒక తండ్రి, బయట ఒక తండ్రి. ఒకాయన జవాబు చేతిలో పెట్టి పోయాడు, కొడుకు దానికింద నలిగి చచ్చాడు. ఇంకొకాయన ప్రశ్న చేతిలో పెట్టి పోయారు, కొడుకు రచయిత అయ్యాడు. గోపీచంద్‌కూ గొప్ప ఇంటి పేరే ఉంది, కవిరాజు కొడుకన్న బరువూ ఉంది. సీతారామారావు అయిపోయే వీలు తనకూ ఉందని ఆయన ఎరుగుదురని నా నమ్మకం. తనలోని ఆ మనిషిని కాగితం మీద శ్మశానం దాకా సాగనంపి, తాను వెనక్కి వచ్చారు.

ప్రశ్న ఇచ్చినవాళ్లకు దాంతో ఒక చిక్కుంది. అది ఒకరోజు వాళ్ల మీదికే తిరుగుతుంది. గోపీచంద్ మొదట మార్క్సిజం వైపు మొగ్గారు. తర్వాత ఎం.ఎన్.రాయ్ ఆలోచనలు ఆకట్టుకుని, ఆంధ్రలో రాడికల్ డెమొక్రాటిక్ పార్టీకి కార్యదర్శిగా పనిచేశారు. మనిషే కొలమానం అన్న రాయ్ నవ్య మానవవాదం తండ్రి హేతువాదానికి దగ్గరి చుట్టమే, కాబట్టి అప్పటిదాకా ఎవరికీ పేచీ లేదు. కానీ 1950ల్లో ఆయన అరవిందుల పుస్తకాల్లోకి వెళ్లారు. పదార్థం, చైతన్యం, ఆత్మ అంటూ రాయడం మొదలుపెట్టారు. కవిరాజు కొడుకు ఆశ్రమం దారి పట్టాడన్న వార్త తెనాలి హేతువాదులకు ఎలా తగిలి ఉంటుందో ఊహించుకోండి. పాత స్నేహితులు దీన్ని ద్రోహంగా చూశారు. దేవుణ్ణి నమ్మేవాళ్లు ఇన్నాళ్లకు దారికొచ్చాడని మురిశారు. నా ఉద్దేశంలో రెండు వర్గాలూ పొరపడ్డాయి. తండ్రి చెప్పిన నాస్తికత్వాన్ని కూడా ఎందుకు అని అడగకపోతే ఆ తండ్రి నేర్పిన విద్యకు అర్థమేముంది? అలాగని ఆ దశలో రాసినవన్నీ గొప్పవని అనను. ‘పోస్టు చెయ్యని ఉత్తరాలు’ వంటి వ్యాసాల్లో కొన్నిచోట్ల కథకుడు తప్పుకుని ఉపన్యాసకుడు కుర్చీ లాక్కుంటాడు. ప్రపంచ తాత్వికులను తెలుగువాళ్లకు పరిచయం చేసిన ‘తత్త్వవేత్తలు’ మాత్రం ఇవాళ్టికీ పనికొచ్చే పుస్తకం. ఇంటర్మీడియట్ చదివే పిల్లల చేతికి కూడా ఇవ్వొచ్చు.

సినిమాలు వదిలాక ఆయన ఉద్యోగస్తుడయ్యారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక సమాచార శాఖలో, తర్వాత ఆకాశవాణిలో పనిచేశారు. బతుకుతెరువు కోసం చేసిన ఉద్యోగాలే. రాత మాత్రం ఆగలేదు. నవలలు, కథలు, వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. 1961లో ‘పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా’ వచ్చింది.

పేరు చూడండి, మళ్లీ ఆస్తి పంపకమే. ఒక తరం పోతూ తర్వాతి తరానికి ఏం రాసిస్తుందన్న ప్రశ్నే. అయితే ఈసారి వీలునామా రాసేది ప్రతిష్ఠ కోసం పాకులాడే భూస్వామి కాదు. పాత చదువంతా చదివి, ఆ చదువు గీసిన గీతను తానే దాటిన పండితుడు. ‘అసమర్థుని జీవయాత్ర’లో ఉన్న కసి ఇందులో ఉండదు, నడక నెమ్మదిగా సాగుతుంది, ఆలోచనలు బరువుగా ఉంటాయి. మొదటిసారి గోపీచంద్‌ను చదివేవాళ్లు దీంతో మొదలుపెడితే మధ్యలో ఆగిపోయే ప్రమాదం ఉంది. ముందు కథలు, తర్వాత ‘అసమర్థుడు’, ఆ తర్వాత దీని దగ్గరికి రావడం మేలు. తండ్రి మాట కింద నలిగిపోయిన సీతారామారావును చూసి వచ్చినవాళ్లకే ఈ శాస్త్రిగారు ఎంత దూరం నడిచారో తెలుస్తుంది.

ఈ నవల వచ్చిన మరుసటి ఏడాది, 1962 నవంబరు 2న, గోపీచంద్ చనిపోయారు. తండ్రి 56 ఏళ్లు బతికితే కొడుక్కి అంత ఆయుష్షు కూడా దక్కలేదు. 1963లో ‘పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా’కు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ప్రకటించారు. అప్పటిదాకా తెలుగులో ఆ పురస్కారం చరిత్రకీ కవిత్వానికీ ఇతర రచనలకీ వచ్చింది గానీ నవలకు రావడం అదే మొదలు. అందుకోవడానికి రాసిన మనిషి లేడు.

తపాలా శాఖ 1987లో కవిరాజు బొమ్మతో బిళ్ల విడుదల చేసింది. 2011లో కొడుకు బొమ్మతో ఇంకొకటి. తండ్రీకొడుకులిద్దరూ తపాలా బిళ్ల మీదికి ఎక్కడం తెలుగువాళ్లలో అరుదు. ఆయన రచనా సర్వస్వం సంపుటాలుగా అచ్చులో ఉంది. ఊరు వెళ్లినప్పుడు విజయవాడ పుస్తకాల షాపుల్లో అడిగితే దొరుకుతుంది. ‘అసమర్థుని జీవయాత్ర’ పలచటి పుస్తకం, పెట్టెలో బరువు లెక్కకు కూడా రాదు. పోయిన సెలవుల్లో నేను తెచ్చిన ప్రతి మా గదుల్లో చేతులు మారుతూ తిరుగుతోంది. ఇప్పుడు అది ఎవరి దగ్గరుందో తెలియదు. ఊళ్లో రెండో అంతస్తు వెయ్యాలని పట్టుదలగా ఉన్న ఒక డ్రైవరు తమ్ముడు తీసుకెళ్లాడని చివరిసారి విన్నాను.